ఐర్లండ్ పల్లెదారుల్లో ఏడు రోజులు: ముందు మీ పటంలో సగం కొట్టేయండి

మీరు అడిగింది ఇది. మే మూడో వారంలో మీరు, మీ స్నేహితుడు హైదరాబాదు నుంచి వస్తున్నారు. చేతిలో ఏడు రోజులున్నాయి. డబ్లిన్‌లో కారు అద్దెకు తీసుకుని, ఉత్తర ఐర్లండ్‌తో సహా దీవి మొత్తాన్ని ఒక చుట్టు చుట్టి రావాలని ఉంది. ఇద్దరిలో మీకే డ్రైవింగ్ బాగా వచ్చు. రోజుకు 350 కిలోమీటర్ల లెక్కన వేసుకున్నారు, సరిపోతుందా అన్నది మీ ప్రశ్న.

సరిపోదు. అలా తిరిగితే ఇంటికెళ్ళాక మీకు గుర్తుండేవి వైపర్లు, పెట్రోలు బంకులు. నేను పదమూడేళ్ళుగా లిమరిక్‌లో ఉంటున్నాను. మన ఊళ్ళ నుంచి వచ్చిన బంధుమిత్రులను పడమటి తీరానికి తిప్పడం నాకు రెండో ఉద్యోగం లాంటిది, జీతం ఒక్కటే లేదు. అందుకే కాస్త చనువుగా చెబుతున్నాను: మీ పటంలో సగం కొట్టేయండి. మిగిలిన సగంలో మళ్ళీ కొంత కొట్టేయాల్సి వస్తుంది, అది తర్వాత చూద్దాం.

ముందు ఉత్తర ఐర్లండ్ సంగతి తేల్చేద్దాం. అది బ్రిటన్‌లో భాగం. సరిహద్దులో గేటు ఉండదు, పోలీసు ఉండడు. వేగం బోర్డుల మీద అంకెలు కిలోమీటర్ల నుంచి మైళ్ళకు మారడమే గుర్తు. అడిగేవారు లేరు కదా అని వెళ్ళిపోకండి. భారత పాస్‌పోర్టు ఉన్నవారికి ఐర్లండ్ వీసా వేరు, బ్రిటన్ వీసా వేరు. ఒకే వీసాతో ఐరోపాలో చాలా దేశాలు తిరగనిచ్చే షెంగెన్ కూటమిలో కూడా ఐర్లండ్ లేదు. మీ వీసా మీద బ్రిటిష్-ఐరిష్ ఉమ్మడి పథకం ముద్ర ఉంటేనే ఒకే వీసాతో రెండు వైపులా తిరగవచ్చు. ఆ ముద్ర ఉన్నా సరే, ఏడు రోజుల్లో ఉత్తరం వద్దనే నా సలహా.

ఇక దూరాల లెక్క. ఇక్కడి రోడ్లకు అక్షరాలుంటాయి. ఎం అంటే మోటార్‌వే, గంటకు 120. ఎన్ అంటే జాతీయ రహదారి, మామూలుగా 100. ఆర్ అంటే ప్రాంతీయ రోడ్డు, 80. ఎల్ అంటే ఊరి రోడ్డు. ఈ ఊరి రోడ్ల మీద కూడా మొన్నమొన్నటి దాకా 80 ఉండేది, 2025 ఫిబ్రవరిలో 60కి తగ్గించారు. తగ్గించక ముందు కూడా ఆ రోడ్ల మీద 80లో వెళ్ళేది ఆ ఊరి కుర్రాళ్ళే. మీకు 35, 40 వస్తే గొప్ప. పడమటి తీరం వెంబడి వెళ్ళే ‘వైల్డ్ అట్లాంటిక్ వే’ అనే దారి 2,500 కిలోమీటర్లని చదివి, ఏడుతో భాగించి 350 అని తేల్చారని నా అనుమానం. ఆ దారిలో ఎక్కువ భాగం ఆర్, ఎల్ రోడ్లే. 350 అంటే తొమ్మిది పది గంటలు స్టీరింగు పట్టుకుని కూర్చోవడం. ఆగడానికి, చూడటానికి, తినడానికి ఇక పొద్దు ఉండదు.

అన్నిటికంటే సన్నని దారిని ఇక్కడ బొరీన్ అంటారు. మన డొంకదారి, పుంతదారి లాంటిదే. ఒక్క బండి పట్టే వెడల్పు, రెండు పక్కలా రాతి గోడలు లేదా పొదల దడి, నడుమ తారును చీల్చుకుని వచ్చిన గడ్డి చార. ఐరిష్‌లో దారిని ‘బోహర్’ అంటారు, ఆవును ‘బో’ అంటారు. ఆవులు నడిచిన బాటే దారైందన్నమాట. మన గోవు, వాళ్ళ బో ఒకే మూలం నుంచి వచ్చాయని భాషావేత్తలు చెబుతారు. ఎదురుగా నిజంగానే పాతిక ఆవులు వస్తే ఇంజను ఆపి కూర్చోండి. హారన్ మాత్రం కొట్టకండి. ఈ దేశంలో హారన్ అంటే దాదాపు తిట్టు.

మనకు ఒక సౌకర్యం ఉంది. ఇక్కడ కూడా ఎడమ పక్కనే నడపాలి, స్టీరింగు కుడివైపే. గేరు మార్చడం కూడా మనకు అలవాటైన ఎడమ చేత్తోనే. అమెరికా నుంచి వచ్చిన తెలుగువాళ్ళు మొదటి రోజంతా చెమటలు కక్కుతుంటే హైదరాబాదు నుంచి వచ్చినవారు అరగంటలో కుదురుకోవడం చాలాసార్లు చూశాను. రౌండబౌట్ దగ్గర మాత్రం మన అలవాటు పనికిరాదు. లోపల తిరుగుతున్నవారికి, అంటే మీ కుడివైపు నుంచి వచ్చేవారికి, దారి వదలాలి. సందు దొరికింది కదా అని ముక్కు దూర్చకూడదు.

కష్టమంతా పక్క సీటులో కూర్చున్నవారిది. దీని గురించి ఏ పుస్తకంలోనూ రాయరు, కానీ ఇద్దరు స్నేహితులు కలిసి వెళ్ళే ప్రయాణం నిలిచేదీ చెడేదీ ఇక్కడే. డ్రైవరు రోడ్డు నడిబొడ్డు వైపు ఉంటాడు. పక్కవాడు గోడ వైపు ఉంటాడు. ఎదురుగా లారీ వస్తే డ్రైవరు తెలియకుండానే ఎడమకు జరుగుతాడు, పక్కవాడి చెవి పక్కనుంచి రాళ్ళు దూసుకుపోతాయి. నా చిన్ననాటి స్నేహితుడు గుంటూరు నుంచి వచ్చినప్పుడు క్లేర్ జిల్లాలో మొదటి గంటలో వాడు ఆడిన మాట ఒక్కటే: ‘గోడ’. మొదట మామూలుగా అన్నాడు. తర్వాత గట్టిగా అన్నాడు. తర్వాత పళ్ళ మధ్య నుంచి గాలి పీల్చడం మొదలుపెట్టాడు. నాకు చిరాకొచ్చి, కొంచెం కుడికి జరిగి నడుపుతుంటే ఎదురుగా ట్రాక్టరు. అదిరిపడి ఎడమకు తిప్పాను. ఠప్పుమని శబ్దం. ఎడమ పక్క అద్దం మడుచుకుపోయి, దాని వెనక డొప్ప పగిలింది. వాడు నా వైపు తిరిగి ఏమీ అనలేదు. ఆ అనకపోవడం నాకు ఇంకా గుర్తుంది.

ఆ అద్దం తెచ్చిన ఖర్చు కూడా చెబుతాను, మీకు పనికొస్తుంది. అద్దె కారుకు మామూలుగా ఇచ్చే బీమాలో నష్టం జరిగితే మొదట మీరు కట్టుకోవలసిన భాగం ఒకటుంటుంది. కారు తీసుకునేటప్పుడు అంత సొమ్మును మీ క్రెడిట్ కార్డు మీద ఆపి ఉంచుతారు. అది వేల యూరోల్లో ఉండవచ్చు. పైగా అద్దాలు, టైర్లు, చక్రాల అంచులు, కారు అడుగుభాగం చాలా పాలసీల్లో అసలు లెక్కలోకే రావు. ఇక్కడి గోడలు తగిలేది సరిగ్గా వాటికే. కౌంటరు దగ్గర ‘పూర్తి బీమా ఉంది’ అన్న మాట విని సంతకం చేశాను, అద్దం పూర్తిలోకి రాదని తర్వాత తెలిసింది. మీరు మాత్రం ఈ నాలుగు పేర్లూ విడివిడిగా అడిగి, కాగితం మీద చూసుకుని సంతకం పెట్టండి. కారు చుట్టూ తిరిగి ఒక వీడియో తీసుకోండి, చక్రాలను దగ్గరగా తీయండి. కార్డు డ్రైవరు పేరు మీదే ఉండాలి. లైసెన్సు విషయానికొస్తే, మన లైసెన్సుతో సందర్శకులు నడపవచ్చు. అయినా కొన్ని కంపెనీలు అంతర్జాతీయ పర్మిట్ కూడా అడుగుతాయి కాబట్టి హైదరాబాదులోనే తీసుకుని రండి. కారు వీలైనంత చిన్నది తీసుకోండి. పెద్ద కారు ఉచితంగా ఇస్తామన్నా నవ్వుతూ వద్దనండి.

మీ స్నేహితుడికి డ్రైవింగ్ అంతంతమాత్రమే అన్నారు కాబట్టి రెండో డ్రైవరుగా ఆయన పేరు చేర్చి డబ్బు దండగ చేయకండి. ఆయన పని దారి చూడటం, తిండి చూడటం, గోడ చూడటం. మేము రెండో రోజు ఉదయం కూర్చుని ఒక ఒప్పందం చేసుకున్నాం. అద్దానికీ గోడకూ జానెడు కంటే తక్కువ ఉంటేనే వాడు ‘గోడ’ అనాలి. నేను నిజంగా వినాలి. మలుపులు ఒకటి ముందుగా చెప్పాలి, మలుపు దాటాక కాదు. అప్పటి నుంచి మా మధ్య మాటకు మాట రాలేదు.

ఎదురుగా బండి వస్తే ఏం చేయాలన్నది ఇంకో పెద్ద బెంగ. బొరీన్ మీద అక్కడక్కడా రోడ్డు కొంచెం ఉబ్బి ఉంటుంది, లేదా పొలం గేటు ముందు చోటుంటుంది. ఆ చోటు ఎవరికి దగ్గరైతే వారు వెనక్కి వెళ్ళాలి. మీరు అద్దె కారులో వచ్చినవారని అవతలివారికి దూరం నుంచే తెలిసిపోతుంది. చాలాసార్లు వాళ్ళే వెనక్కి పోతారు. ఒకసారి డింగిల్ దగ్గర ఓ పెద్దాయన, వెనక గొర్రెల ట్రైలరు తగిలించి ఉన్న జీపును నూట యాభై మీటర్లు వెనక్కి నడిపి, మేము దాటుతుంటే అద్దం దించి, వాన వైపు తల ఆడించి ‘సాఫ్ట్ డే’ అన్నాడు. ఇక్కడ ముసురును మెత్తని రోజు అంటారు. అలా దారి ఇచ్చినవారికి స్టీరింగు మీద నుంచి చూపుడు వేలు ఒక్కటి పైకెత్తాలి. చేయంతా ఊపితే ఊరికి కొత్త అని తెలుస్తుంది. దారి ఇవ్వకపోయినా, ఎదురుపడిన ప్రతివారూ ఆ వేలు ఎత్తుతారు. మూడో రోజుకు మీ వేలు దానంతటదే లేస్తుంది.

సరే, దారి. మొదటి రోజు కారు ముట్టుకోకండి. ఇంత దూరం ప్రయాణం చేసి, నిద్ర లేని కళ్ళతో స్టీరింగు పట్టడం నాకు తెలిసిన పెద్ద తప్పు. డబ్లిన్‌లో ఒక రాత్రి పడుకోండి. సాయంత్రం కళ్ళు మూతలు పడుతుంటే సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ పార్కులో నడవండి. 1916లో బ్రిటిష్ పాలన మీద జరిగిన ఈస్టర్ తిరుగుబాటులో ఆ పచ్చిక మీద కందకాలు తవ్వారు. ఆ రోజుల్లో వి.వి. గిరి గారు ఈ ఊళ్ళోనే న్యాయశాస్త్రం చదువుతున్నారు. 1913లో వచ్చిన ఆయన, ఐరిష్ జాతీయవాదులతో సంబంధాల కారణంగా 1916లో ఈ దేశం విడిచి వెళ్ళాల్సి వచ్చింది.

రెండో రోజు కారు తీసుకుని ఎం4, ఎం6 మీదుగా పడమటికి రండి. అది నునుపైన మోటార్‌వే, చేయి కుదురుకోవడానికి మంచిది. మధ్యలో అథ్లోన్ దగ్గర కాస్త పక్కకు వెళితే క్లోన్‌మక్‌నాయిస్ ఉంది. షానన్ నది ఒడ్డున 6వ శతాబ్దంలో పెట్టిన మఠం శిథిలాలవి. గంటసేపు కాళ్ళు సాగదీసుకోవచ్చు. అక్కడి నుంచి గాల్వే దిగువన బరెన్ ప్రాంతానికి రండి, బల్లీవాన్ లాంటి చిన్న ఊళ్ళో రెండు రాత్రులు ఉండండి.

బరెన్‌లో మాత్రం తొందరపడకండి. కొండ మొత్తం సున్నపురాయి. ఎవరో కొండంతా కడప బండలు పరిచి, మధ్య సందులు పూడ్చడం మరచిపోయినట్టు ఉంటుంది. ఆ సందుల్లోకి వంగి చూడాలి. బయట గాలికి నిలబడలేని మొక్కలు లోపల మోకాలి లోతున తల దాచుకుని ఉంటాయి. మే నెలలో జెన్షియన్ అనే చిన్న పువ్వు పూస్తుంది. గోటి కంటే కొంచెం పెద్దది, కానీ ఆ నీలం చూస్తే నీలిమందు గుర్తొస్తుంది. చల్లని ఆల్ప్స్ కొండల్లో పెరిగే ఈ మొక్క, వెచ్చని మధ్యధరా ప్రాంతపు మొక్కలు ఇక్కడ పక్కపక్కనే పెరుగుతాయి. వృక్షశాస్త్రజ్ఞులు ప్రపంచం నలుమూలల నుంచి ఇక్కడికి వచ్చేది అందుకే. మా గుంటూరు వాడు వ్యవసాయ శాఖలో పనిచేస్తాడు. ఆ బండల మీద బోర్లా పడుకుని ఫోటోలు తీస్తుంటే వాన వచ్చింది, లేవలేదు.

అక్కడే పోల్‌నబ్రోన్ ఉంది. నిలువు రాళ్ళ మీద ఒక పెద్ద బండ కప్పిన సమాధి, అయిదు వేల ఏళ్ళకు పైబడినది. 1980లలో తవ్వినప్పుడు ముప్పైమందికి పైగా మనుషుల ఎముకలు బయటపడ్డాయి. మన గోదావరి పక్క అడవుల్లో రాకాసి గుళ్ళు చూసినవారికి ఆ ఆకారం కొత్త కాదు. మా వాడు చూడగానే ‘ఇది మన జానంపేటలో ఉంది కదా’ అన్నాడు. జానంపేటవి అంత పాతవి కావు, కట్టినవారికీ వీరికీ సంబంధం లేదు. కానీ చచ్చినవారికి రాతి ఇల్లు కట్టాలని రెండు చోట్లా తోచింది.

మోహెర్ కొండచరియలకు వద్దన్నా వెళ్తారు, వెళ్ళండి. 214 మీటర్ల ఎత్తున సముద్రంలోకి నిట్టనిలువుగా తెగిపోయిన నేల అది. ఉదయం తొమ్మిదికి ముందు గానీ, సాయంత్రం ఆరు దాటాక గానీ వెళ్తే బస్సుల తాకిడి ఉండదు. మే నెలలో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగుంటుంది కాబట్టి సాయంత్రమే మేలు. టికెట్టు ముందే తీసుకోండి. అంచు దగ్గర ఫోటోల కోసం సాహసాలు వద్దు, ఏటా ప్రమాదాలు జరుగుతూనే ఉన్నాయి. కొండ దిగి లిస్కానర్ వైపు వస్తుంటే రోడ్డు పక్కనే సెయింట్ బ్రిజిడ్ పవిత్ర బావి ఉంటుంది. చాలామంది ఆగరు. సన్నని రాతి సందు, చివర నీటి చప్పుడు, రెండు గోడల మీదా జనం వదిలి వెళ్ళిన జపమాలలు, ఫోటోలు, చీటీలు. పెళ్ళి ఫోటో పక్కన ఆస్పత్రి మంచం మీది పాప ఫోటో. మొక్కుకున్నవారు ముడుపు కట్టి వెళ్ళినట్టే.

నాలుగో రోజు దక్షిణానికి. ఇక్కడ మ్యాపు మిమ్మల్ని లిమరిక్ మీదుగా పంపాలని చూస్తుంది. మా ఊరే అయినా వద్దంటాను. కిల్లిమర్ దగ్గర కారుతో సహా పడవ ఎక్కితే షానన్ నదీముఖం దాటి ఇరవై నిమిషాల్లో అవతల టార్బర్ట్‌లో దిగుతారు. వంద కిలోమీటర్లకు పైగా చుట్టు తప్పుతుంది. ఇరవై నిమిషాలు స్టీరింగు వదిలి డెక్కు మీద గాలి పీల్చవచ్చు, అదృష్టం ఉంటే డాల్ఫిన్లు కనిపిస్తాయి.

అవతల డింగిల్ ద్వీపకల్పం. ఇక్కడ రెండు రాత్రులు. ఐరిష్ భాషను ఇంకా ఇంట్లో, వీధిలో మాట్లాడే ప్రాంతాల్లో ఇదొకటి. అలాంటి ప్రాంతాల్లో రోడ్డు బోర్డులు కూడా ఐరిష్‌లోనే ఉంటాయి. డింగిల్ బదులు ‘డ్యాంగన్ ఈ ఖూష్’ అనే పేరు కనిపిస్తే దారి తప్పామని వెనక్కి తిరగకండి. రోడ్డు మీద ‘గేల్ ష్లీ’ అని రాసి ఉంటే దారి వదలమని అర్థం. ఊళ్ళ ఐరిష్ పేర్లు ముందు రాత్రే మీ స్నేహితుడి చేత కాగితం మీద రాయించి పెట్టుకోండి. కొండ మలుపుల్లో ఫోను సిగ్నలు పోతుంది.

డింగిల్ నుంచి స్లే హెడ్ చుట్టు దాదాపు 47 కిలోమీటర్లు. గంటలో అయిపోతుందని మ్యాపు చెబుతుంది, ఒక పూర్తి రోజు ఇవ్వండి. గడియారం తిరిగే దిక్కునే తిరగండి, బస్సులు అలాగే తిరుగుతాయి కాబట్టి ఎదురుపడవు. ఒకచోట కొండ మీద నుంచి వాగు నేరుగా రోడ్డు మీదుగా పారుతుంది, నెమ్మదిగా దాటాలి. దునక్విన్ దగ్గర నిలబడితే ఎదురుగా బ్లాస్కెట్ దీవులు. పెద్ద దీవిలో మిగిలిన కొద్దిమందిని 1953లో ప్రభుత్వమే ఖాళీ చేయించి ఇవతలికి తెచ్చింది. పైకప్పులు లేని ఇళ్ళు ఒడ్డు నుంచే కనిపిస్తాయి. ఆ చుట్టులోనే గాలరస్ ప్రార్థన మందిరం ఉంది. సున్నం చుక్క లేకుండా రాయి మీద రాయి పేర్చి, బోర్లించిన పడవలా కట్టారు. లోపల మీ ఇద్దరికీ, ఇంకో నలుగురికీ చోటుంటుంది. అన్ని వందల ఏళ్ళ వాన తర్వాత కూడా లోపల పొడిగానే ఉంది. మా ఇంటి పైకప్పు గురించి నేనా మాట చెప్పలేను.

కానర్ పాస్ అనే కనుమ దారి గురించి చదివే ఉంటారు. 400 మీటర్లకు పైన, ఒక పక్క రాతి గోడ రోడ్డు మీదికి వంగి ఉంటుంది, మరో పక్క లోయ. రెండు టన్నులు దాటిన బండ్లను రానివ్వరు. మంచు కమ్మితే ఏమీ కనిపించదు. వాతావరణం తేటగా ఉండి, మీ స్నేహితుడి గుండె ధైర్యంగా ఉంటే వెళ్ళండి.

రింగ్ ఆఫ్ కెర్రీ అనే 179 కిలోమీటర్ల ప్రఖ్యాత చుట్టును మీ జాబితాలో మొదట రాశారు. దాన్ని కొట్టేయమంటాను. బాగోలేదని కాదు, డింగిల్ చూశాక అదే రకం అందాన్ని బస్సుల వెనక నిలబడి మళ్ళీ చూడటం ఎందుకు? ఆరో రోజు కిలార్నీకి వచ్చి, కారు పక్కన పెట్టి, జాతీయ ఉద్యానవనంలో సరస్సు పక్కన నడవండి. ఏడో రోజు డబ్లిన్‌కు తిరిగి 300 కిలోమీటర్లు, అదొక్కటే మీ ప్రయాణంలో పొడుగు రోజు.

జనం తక్కువున్న చోటు కావాలంటే దక్షిణం మొత్తం వదిలి, గాల్వే నుంచి పైకి కనెమారా, మేయో, స్లైగో వైపు వెళ్ళండి. నిజానికి రెండోసారి వచ్చేవారికి నేను ఇదే చెబుతాను. గోధుమరంగు చిత్తడి నేలలు, వాటిలో ఇటుకల్లా కోసి గూళ్ళు కట్టి ఎండబెట్టిన పీటు, అంటే కుళ్ళిన మొక్కలు పేరుకుని తయారైన, పొయ్యిలో మండే మట్టి. దూరం నుంచి పిడకల గూళ్ళే. పొయ్యిలో కాలుస్తుంటే ఆ వాసన కూడా మరీ పరాయిగా ఉండదు. కిల్లరీ అనే సముద్రపు పాయ దాటి లూయిస్‌బర్గ్ ఊరికి వెళ్ళే దారిలో డూలాఖ్ అనే లోయ ఉంది. రెండు నల్లని కొండలు, మధ్య చెరువు, అంచున ఒంటరి రోడ్డు. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకడంతో మొదలైన కరువులో దాదాపు పదిలక్షల మంది చనిపోయారు. 1849 మార్చి చివర, కరువు సాయం అందాలంటే తనిఖీ కోసం డెల్ఫీ అనే చోటు దాకా రావాలని అధికారులు చెబితే, ఆకలితో ఉన్న వందలమంది ఈ లోయ గుండా చలిలో నడిచారు. అక్కడ ఏమీ దొరకలేదు. తిరుగు దారిలో చాలామంది రాలిపోయారు. రోడ్డు పక్క ఒక రాతి శిలువ ఉంది, దాని మీద గాంధీ మాట చెక్కి ఉంది. తోటి మనుషులను అవమానించడంలో మనిషి తనకు గౌరవం ఎలా చూసుకుంటాడని ఆయన అడిగిన మాట. అంత దూరాన, అంత ఖాళీ లోయలో ఆ పేరు చదువుతామని మేము అనుకోలేదు. కారెక్కాక చాలాసేపు మా వాడు గోడ సంగతే మరచిపోయాడు. చుట్టూ కొండవాలుల మీద గీతలు గీతలుగా గట్లు కనిపిస్తాయి, చూడండి. కరువుకు ముందు దుంపలు వేసిన మళ్ళు అవి. తర్వాత వాటిని దున్నినవారు లేరు.

ఆ దారిలో తిరిగొస్తే స్లైగో నుంచి డబ్లిన్ వచ్చే ఎన్4 పక్కనే బాయిల్ అనే చిన్న ఊరు ఉంటుంది. టీ తాగడానికి ఆగండి. మార్గరెట్ కజిన్స్ 1878లో పుట్టిన ఊరది. ఆమె మన మదనపల్లెలో ఉన్నారు, భర్త అక్కడి దివ్యజ్ఞాన కళాశాల ప్రిన్సిపాల్. 1919లో రవీంద్రుడు మదనపల్లెకు వచ్చి జనగణమనను ఇంగ్లిష్‌లోకి తెచ్చినప్పుడు, ఆ బాణీని స్వరలిపిలో కూర్చింది ఆమే. మదనపల్లె వారెవరైనా మీతో ఉంటే టీ ఖర్చు వారి చేత పెట్టించండి.

చిల్లర విషయాలు కొన్ని. బంకులో ఎవరూ వచ్చి పోయరు, మనమే పోసుకోవాలి. ఇక్కడ ఆకుపచ్చ పిడి పెట్రోలు, నల్ల పిడి డీజిల్. మా వాడు ఉత్సాహంగా దిగి నల్ల పిడి పట్టుకుని, పెట్రోలు కారు మూత తెరిచాడు. పక్క పంపు దగ్గరున్న పెద్దావిడ ‘అయ్యో బాబూ’ అన్నంత గొంతుతో అరవబట్టి బతికిపోయాం. మీ కారుకు ఏది కావాలో మూత లోపల రాసి ఉంటుంది. చూడండి, ఒకరు చూశాక ఇంకొకరు చూడండి.

పల్లెటూళ్ళలో పబ్బు అంటే తాగుడు దుకాణమే కాదు, భోజనశాల కూడా. కానీ వంటగది రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిదికి మూసేస్తారు. బయట ఇంకా పగలే కాబట్టి మనకు ఆకలి తెలియదు, తెలిసేసరికి పొయ్యి ఆరిపోయి ఉంటుంది. ఏడున్నరకే కూర్చోండి. మాంసం తినకపోతే కూరగాయల సూపు, దాంతో ఇచ్చే గోధుమ సోడా రొట్టె ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. నాలుగో రోజుకు నాలుక చచ్చిపోతుంది కాబట్టి ఆవకాయ తెచ్చుకోండి. నెయ్యి, కోవా, మాంసం పచ్చళ్ళు మాత్రం పెట్టెలో పెట్టుకోకండి. పాల పదార్థాలు, మాంసం బయటి దేశాల నుంచి తేవడం ఇక్కడ నిషేధం. డ్రైవరు మీరే కాబట్టి బీరు జోలికి వెళ్ళకండి. రక్తంలో పరిమితి చాలా తక్కువ, ఉదయం తనిఖీలో కూడా పట్టుబడవచ్చు. ఆల్కహాలు లేని గిన్నిస్ అన్నిచోట్లా ఉంటుంది. మీ స్నేహితుడు తాగుతాడు, మీరు చూస్తారు, దానికి మందు లేదు.

గొడుగు తేవద్దు, ఇక్కడి గాలి దాన్ని మొదటి రోజే తిరగేస్తుంది. తలకు టోపీ ఉన్న వాన కోటు, తడిసినా ఆరే బూట్లు చాలు. మే నెలలో పగలు పది నుంచి పదహారు డిగ్రీలు. ఆరుబయట నాలుగు రకాల వాన ఒకే గంటలో వస్తుంది, తుంపర నుంచి జడివాన దాకా. వాన తగ్గాక బయల్దేరుదామని గదిలో కూర్చుంటే వారమంతా గదిలోనే.

చివరగా టోలు. డబ్లిన్ చుట్టూ ఉన్న ఎం50 రోడ్డు మీద గేటు ఉండదు, కెమెరా నంబరు చూసి పోతుంది. మర్నాడు రాత్రి ఎనిమిదిలోపు కట్టకపోతే జరిమానా పడుతుంది. అద్దె కంపెనీ తానే కడుతుందా, మీరు కట్టాలా అన్నది కారు తీసుకునేటప్పుడే అడగండి. కారు అప్పగించే రోజు విమానం టైముకు కనీసం నాలుగు గంటల ముందు విమానాశ్రయం దగ్గరుండేలా చూసుకోండి. దారిలో ట్యాంకు నింపాలి, చుట్టూ మళ్ళీ వీడియో తీయాలి. మేము అద్దె కంపెనీ ఆవరణలోకి వెళ్ళేసరికి, క్రికెట్ మైదానమంత ఖాళీ స్థలంలో ఒక్క కారు కూడా లేదు. ఆ మూల ఎక్కడో తెల్ల రంగు వేసిన అడ్డుగోడ ఒకటుంది. మా వాడు సీటు అంచు పట్టుకుని ‘గోడ’ అన్నాడు.